తిట్టడానికొక మనిషి

గోడకి అవతల, గడ్డకట్టే చలిలో
తేజా మిరపకాయలు టిక్కీల్లో నిద్రపోతాయి.
గోడకి ఇవతల, మెట్ల కింద అరలో
మా మెయిల్ సర్వర్‌కి
ఒక టేబుల్ ఫ్యాను.

గుంటూరు, ఏటుకూరు రోడ్డు, కోల్డ్ స్టోరేజీ ఆఫీసు.
మూత విప్పి దులిపిన ప్రతిసారీ
తుమ్ములు, కళ్లనీళ్లు.
రెక్కల మీద ఎర్రటి నుసి, తీగల మీద ఎర్రటి నుసి.
ఇంత ఘాటైన యంత్రం
లోకంలో ఇంకోటి ఉంటుందనుకోను.

పదకొండేళ్లు పెంచాను దాన్ని.
కరెంటు పోతే
ఇన్వర్టర్ కన్నా ముందు నేను లేచేదాన్ని.
రాత్రంతా ఎవరెవరో తలుపు తట్టేవాళ్లు.
అడ్మిన్‌ని అని ఒకడు, రూట్‌ని అని ఒకడు,
సేల్స్, టెస్ట్, సేల్స్, టెస్ట్.
పొద్దున్నే టీ తాగుతూ
ఆ తట్టిన చేతుల లెక్క చదివేదాన్ని,
గోవర్ధనంగారు యార్డు ధరలు చదివినట్టు.

పెనాంగ్ బేరగాడికి కొటేషన్ పంపాం.
వెళ్లింది. చేరింది కూడా.
చేరిందెక్కడికంటే
లాటరీ తగిలిందనేవాళ్ల మధ్యకి,
బట్టతలకి మందమ్మేవాళ్ల పక్కకి,
ఎవరూ తెరవని బుట్టలోకి.
మూడు కంటెయినర్లు
చేజారాయి.

మా నంబరున్న వరసలోనే ఎవడో,
మొహం చూడలేదు, పేరు తెలీదు,
దొంగ ఉత్తరాలు పంపాడట.
వీధి వీధంతా దొంగలదేనని రాసేసుకున్నారు
పెద్ద గేట్ల దగ్గర కాపలావాళ్లు.
గుమ్మడికాయల దొంగ అనకముందే
నా భుజాలు తడిమారు.
సంతకం పెట్టాను, ముద్ర వేశాను,
తిరగేసి చదివినా మా పేరే వచ్చేలా రాయించాను,
అర్జీ మీద అర్జీ.
"పరిశీలించాం. మార్పు లేదు."
జవాబు కింద పేరు లేదు.

"సలోమీ,
సొంతిల్లు మంచిదేనమ్మా.
గుమ్మానికి దారి లేకపోతే ఎట్టా?"
అన్నారు గోవర్ధనంగారు.
తలకింతని, నెలకింతని కట్టేద్దామన్నారు.
పద్నాలుగు తలలం.

ఆదివారమంతా సామాను మోశాను.
తేమ శాతాలు, రంగు పరీక్షలు,
ఓడ ఆలస్యాలు, క్షమాపణలు.
అన్నీ ఎక్కించాక మిగిలింది
సైదులు బాబాయి పెట్టె.
ఆయన పోయి నాలుగేళ్లు.
ఆయన తలకీ కట్టాలన్నారు అవతలివాళ్లు.
కట్టకపోతే పెట్టె రాదన్నారు.

బాబాయి ఎప్పుడూ అంతా
విషయం గడిలోనే రాసేవాడు.
"లారీ బయల్దేరింది డ్రైవర్‌కి జ్వరం మాత్ర ఇచ్చి పంపా."
తెరిస్తే లోపల
ఖాళీ.

కొత్తచోట అంతా బాగుంది, అబద్ధమెందుకు.
పెనాంగ్ నుంచి గంటలో జవాబొచ్చింది.
నేను నిద్రపోయాను.
అలవాటు లేక
మా ఆయన రెండుసార్లు లేపి చూశాడు.

మార్చిలో, సీజన్ నెత్తిమీదున్న గురువారం,
"అసాధారణ కదలిక" అని
తాళం పడింది మా అందరికీ.
బస్సులున్న గళ్లు ఎంచమంది, ఎంచాను.
ట్రాఫిక్ లైట్లు ఎంచమంది, ఎంచాను.
నువ్వు మనిషివేనా అని మళ్లీ అడిగింది.
ఆరు గంటలు.
ఇదివరకైతే
"ఏం చేశావమ్మా!" అని ఆయన అరిచేవాడు,
నేను మెట్ల కిందికి దూరి, తుమ్మి,
ఏదో ఒకటి సరిచేసి బయటికొచ్చేదాన్ని.
ఆ రోజు ఆయన నోరు తెరిచి
గది నాలుగు మూలలా చూశాడు.
తిట్టడానికి ఎవరూ దొరక్క
సీలింగ్ ఫ్యాన్‌ని తిట్టాడు.

మెట్ల కింద అర ఇంకా వెచ్చగానే ఉంది.
ఆపలేదు. ఎవరికీ చెప్పలేదు.
ఒక్క పెట్టె కోసం ఒక ఫ్యాను తిరుగుతోంది.
ఉత్తరాలేవీ రావు దానికి.
తలుపు మాత్రం తడుతూనే ఉంటారు,
సేల్స్, టెస్ట్, సేల్స్, టెస్ట్.

మొన్న రాత్రి రెండుం పావుకి
ఎవరో
సైదులునని తట్టారు.

తియ్యలేదు.
పొద్దున ఆ వరస చూసి
టీ చల్లారిందాకా కూర్చున్నాను.