డిక్కీ

రాయగడ షోరూంలో ఒడియా కుర్రాడు
తోకలేని కారు చుట్టూ మూడుసార్లు తిప్పేడు.
"గుణుపురం సందుల్లో ఇదే తిరుగుద్ది,
ఎనభై వేలు మిగుల్తాయి కూడా."

గున్నమ్మ వెనక తలుపెత్తి తొంగిచూసింది.
సీటుకీ సామానుకీ మధ్య
ఒక అట్టముక్క.
"గోడ లేదేటి?" అంది.

గోడే కావాలి మాకు.
సోమవారం గుడారి సంత, గురువారం పద్మపురం,
రెండు గోనెల ఎండు నెత్తళ్లు, ఒక బుట్ట రొయ్యపొట్టు.
పాత వ్యానులో బడికెళ్లొచ్చిన పిల్ల
ఓ సాయంత్రం యూనిఫాం మూడుసార్లు ఉతికింది.
ఎందుకో చెప్పలేదు.
మేమూ అడగలేదు.

తోకున్న కారే కొన్నాం. చిన్నదే.
డిక్కీ మూత పడితే
ఇనప్పెట్టె మూసినట్టు చప్పుడు.

మొదటి సంతకి పోతుంటే
లోపలంతా కొత్త రెగ్జిన్ వాసన,
ఇంకేం లేదు.
అద్దాలు దించాల్సిన పని లేదు.
ఎవరం మాట్లాడుకోలేదు.
వంశధార వంతెన దాటేక
వెనకసీట్లోంచి పిల్ల:
"నాన్నా, సరుకు ఎక్కించేవా?"

ఎక్కించేను. నా చేత్తోనే ఎక్కించేను.
అయినా బండి పక్కకి తీసి
దిగి, డిక్కీ ఎత్తేను.
గుప్పుమంది.

గున్నమ్మా దిగింది, పిల్లా దిగింది.
లారీలు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి.
మూత వేద్దామని చెయ్యెత్తితే
"ఉండు," అంది పిల్ల,
"కాసేపు."