తెగులు వరుస

లాం ఫారంలో పొద్దున ఆరింటికి
మంచు ఇంకా మినుము ఆకుల మీదే ఉంటుంది.
చేతిలో అట్ట, అట్టకి క్లిప్పు, చెవి వెనక పెన్సిలు.
పెన్నయితే తడికి అలుక్కుపోతుందని
చేరిన రోజే నాగుల్ మీరా చెప్పాడు.

రెండు వరుసలు కొత్త రకం,
ఒక వరుస తెగులుది.
మళ్ళీ రెండు, మళ్ళీ ఒకటి.
తెగులుది అంటే
తెగులు రావడానికే వేసింది.
దానికి మందు కొట్టం, తెల్లదోమని తోలం.
రమ్మంటాం, కూర్చోమంటాం,
కడుపు నిండాక పక్కింటికీ పోయి రమ్మంటాం.
అక్కడ ఎవరు తట్టుకుంటారో
గట్టు మీద నిలబడి చూస్తాం.

ఆ వరుసకి విత్తనం సువార్తమ్మది.
ఆరేళ్ళ కిందట, కూలికొచ్చిన కొత్తలో,
ఫిరంగిపురం నుంచి బస్సులో
పాత లుంగీ గుడ్డలో మూటగట్టి తెచ్చింది.
"మా అత్త బూడిద కలిపి కుండలో దాచింది.
రుబ్బితే రోలు దాటి పొంగేది పిండి.
ఒకసారి వేసి చూడండి మేడం గారూ."

హైమవతి మేడం వేసి చూశారు.
రబీ, వేసవి, మళ్ళీ రబీ,
ప్రతిసారీ అందరికంటే ముందు పసుపెక్కింది ఇదే.
ఒక్క మొక్క మిగలకుండా.
"ఇంత నమ్మకంగా జబ్బు పడే రకం
మనకింకెక్కడ దొరుకుతుంది!"
వెటకారం కాదు, నిజంగానే మెచ్చుకున్నారు.
అట్లా సువార్తమ్మ విత్తనానికి
ఫారంలో పర్మినెంటు ఉద్యోగమొచ్చింది.
సువార్తమ్మది ఇంకా దినకూలే.

స్కోరు ఒకటి నుంచి తొమ్మిది దాకా.
ఒకటంటే ఆకు మీద చుక్క లేదు.
తొమ్మిదంటే తల ఆకులన్నీ నిమ్మపండు రంగు,
కాయ వంకర,
లోపల గింజ ఉందో లేదో వేలికి అందదు.
తొమ్మిది, రాస్తాను.
తొమ్మిది. తొమ్మిది.
పక్కన కలుపు తీస్తూ సువార్తమ్మ
నా పెన్సిలు తిరిగే తీరు చూస్తుంది.
చదువు రాదు గానీ
తొమ్మిది తోక ఎటు దిగుతుందో తెలుసు.

పోయినేడు ఆ వరుసలో ఒక మొక్క
పచ్చగా నిలిచింది.
నలభై రోజులకీ, యాభైకీ.
సువార్తమ్మ కొంగు అంచులోంచి ఎర్ర దారం లాగి
దాని మొదట్లో కట్టింది.
"చూశావా అబ్బాయ్, మా అత్త మొండిది!"
మేడం వంగి, ఆకు తిరగేసి చూశారు.
"తప్పించుకోవడం వేరు, తట్టుకోవడం వేరమ్మా.
దోమ దీని మీద వాలలేదేమో, అంతే.
అయినా కాయ కొయ్యండి, వేసి చూద్దాం."
ఆ 'అయినా' కోసమే
పదకొండేళ్ళుగా ఆమె దగ్గర పనిచేస్తున్నాను.

నలభై ఆరు గింజలు.
ఈ ఏడు విడిగా వేశాం, పంపు షెడ్డు పక్కన.
ముప్పయ్యో రోజు ఒక ఆకు,
ముప్పయ్యారో రోజుకి మొత్తం.
రాయాల్సిన అంకె రాశాను.
సువార్తమ్మ కొడవలి మట్టిలో గుచ్చి కూచుంది.
చాలాసేపటికి లేచి
పెద్ద చేలోకి తలెత్తి చూసింది.
అక్కడ పసుపుకీ పసుపుకీ మధ్య
ఇంకా పేరు పెట్టని రకం, వట్టి నంబరు,
ఏమీ ఎరగనట్టు పచ్చగా పూస్తోంది.
"మాది పడబట్టేగా
అది నిలబడ్డదని మీకు తెలిసింది" అంది.
అవుననడానికి నాకు నోరు రాలేదు.

వచ్చే ఏటి తెగులు వరుసకి కూడా
విత్తనం కావాలి కదా.
అందుకని ఫారం చివర, వల కట్టిన గదిలో
ఇదే మినుముని
దోమ కూడా దూరకుండా పెంచుతాం,
వేళకి నీళ్ళు, వేళకి మందు,
చంటిబిడ్డకి చేసినట్టు.
అక్కడ కాయ నల్లగా, నిండుగా కాస్తుంది.

ఆ కోతకి సువార్తమ్మనే పిలుస్తారు మేడం.
నిన్న సంచులు కట్టేవేళ
ఆమె చెయ్యి ఒకసారి రోజిలి మడతలోకి పోయింది,
గుప్పెడు, మహా అయితే గుప్పెడున్నర.
నేను అటు తిరిగి
పెన్సిలు చెక్కుకున్నాను.