దీపాల గది లెక్క

ఘుగ్గూస్‌లో బడి మిద్దె మీద ఒక రేకుల గది.
లోపల ఏసీ చలి, బయట నలభై అయిదు.
దేవాజీ మడావి తడిగుడ్డతో కిటికీ తుడుస్తాడు,
గంటకల్లా మళ్లీ నల్లబడుతుంది.
"ఆజ్ ధూళ్ జాస్త్ మేడం, సైడింగ్‌ల బొగ్గు నింపుతున్నరు"
సగం మరాఠీ, సగం మన తెలుగు.

ఇవాళ మిషన్‌కి పరీక్ష.
సిలిండర్‌లోంచి నైట్రిక్ ఆక్సైడ్‌ని సన్నగా వదిలాను.
వంద కోట్ల గాలి రేణువుల్లో నాలుగు వందలు.
తెర మీద గీత
నూలు పట్టినట్టు నిలబడింది.

ఊదా దీపం వెలిగిస్తే ఓజోన్ పుడుతుంది.
ఎంత పుట్టిందో నాకు తెలీదు.
పట్టి దాచి తూద్దామంటే
గోడ తగిలినా చచ్చే రకం.
అందుకే దాన్ని అడగను.
దానికి ఎదురెళ్లిన వాళ్లని అడుగుతాను:
ఎందరు మిగిలారు?

తొంభై.
పోయింది మూడు వందల పది.
వచ్చిన ఓజోన్ కూడా అంతే.

ఇది నేను కాలేజీలో నేర్చుకోలేదు.
రాజురా అవతలి గనిలో, అది మూతపడి చాలా ఏళ్లయింది,
మా చిన్నాయన ఆవునూరి ఓదెలు
దీపాల గది గుమాస్తా.
టోకెన్ తీసుకుని దీపం ఇచ్చేవాడు,
దీపం తీసుకుని టోకెన్.
దిగేవాళ్ల మొహాలు చూసేవాడు కాదు, మేకులు చూసేవాడు.
"ఉన్న దీపం ఊకెనే ఉంటది బిడ్డా,
లేని దీపమే చెప్తది
కింద ఎవరున్నరో."

ఒక రాత్రి పాలీ దిగిపోయాక
రెండు మేకులు ఖాళీ.
తాళం వెయ్యలేదు. అన్నం డబ్బా విప్పలేదు.
పొద్దున ఎనిమిదింటికి పాత ఇంక్లైన్ దారిలో
ఆ ఇద్దరూ నడిచొచ్చారు, బీడీ ఉందా అంటూ.
చిన్నాయన చెరొకటి కొట్టాడు.
తర్వాత దీపాలు మేకులకు తగిలించి
గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

మిషన్ లోపల ఒక చీకటి డబ్బా.
రెండు వాయువులూ అందులో కలిసినప్పుడల్లా
ఒక మిణుకు.
మన కంటికి ఆనదు.
ఆ డబ్బాకి ఒక గాజు కన్ను, అది లెక్కపెడుతుంది.

పోయినవి ఉత్తినే పోవు, రూపం మారతాయి.
కాగిన మాలిబ్డినం మీదుగా వాటిని వెనక్కి తిప్పి
మళ్లీ లెక్కించాను.
మూడు వందల ఎనిమిది.

వందకి తొంభై ఆరు దాటితే చాలు,
రూలు ఒప్పుకుంటుంది.
గొట్టం గోడకి అంటుకుని ఉంటాయి,
మాలిబ్డినం పాతబడి ఉంటుంది,
రెండంటే ఎంత, వంద కోట్లలో.

కింద దేవాజీ జీపు హారన్ కొడుతున్నాడు.
రిజిస్టర్‌లో పాస్ అని రాయాలి.
పెన్ను మూత తీసి పక్కన పెట్టి
ఊదా దీపం
మళ్లీ వెలిగించాను.