సెమీలాగ్ కాగితం మీద సముద్రం

సాయంత్రం ఆరింటికి మోటారు వేశాం.
పెదవాల్తేరు, ఐదంతస్తుల అపార్ట్‌మెంటు వెనక
జనరేటర్ గదికీ చెత్తకుండీకీ మధ్య బోరు.
నలభై మీటర్ల దిగువన, సముద్రం వైపు,
మైలపిల్లి ఎర్రమ్మ పెరటి నుయ్యి.
తోడేది ఇక్కడ,
చూసుకోవాల్సింది అక్కడ.

మొదటి పది నిమిషాలూ ఊపిరాడదు.
అర నిమిషం, ఒకటి, ఒకటిన్నర, రెండు.
టేపు దించు, కూత విను, అంకె రాయి.
ఆ తర్వాత నుయ్యి నెమ్మదిస్తుంది,
గంటకోసారి పలకరిస్తే చాలంటుంది.

ఈ కాగితం తీరే అంత:
ఒకటి నుంచి పది నిమిషాలకి ఎంత జాగా ఇస్తుందో
వంద నుంచి వెయ్యికీ అంతే.
మా నాన్న పోయినప్పుడు నాకిది అర్థమైంది,
ఆస్పత్రి వరండాలో ఆ పది నిమిషాలూ
ఆ తర్వాతి పదేళ్ళూ
ఒకే వెడల్పు.
ఆయన సబ్బవరంలో నూతులు తవ్వేవాడు.
మట్టి చిటికెడు నాలిక మీద వేసుకుని
ఇంకో రెండు బారలు, అనేవాడు.
నాకు మాత్రం టేపు కావాలి, గడియారం కావాలి, జీతం కావాలి.

పదకొండింటికి చుక్కలన్నీ ఒక గీత మీదకొచ్చాయి.
స్కేలు పెట్టి గీశాను. వాలు చూశాను.
సెక్రటరీ దాట్ల సోమరాజు గారు లుంగీతో దిగొచ్చి
ఎంతొచ్చిందండీ అన్నారు.
రోజుకి ఇరవై చదరపు మీటర్లు.
"నీళ్ళని చదరపు మీటర్లలోనా?
గజాల్లో చెప్పండి, రిజిస్ట్రేషన్ చేయించుకుంటాం."
నవ్వాను.
అది నీళ్ళు ఎన్నున్నాయన్న లెక్క కాదండీ,
నేల చేతి గుణం,
ఎంత తేలిగ్గా వదులుతుందో.
ఆయనకి నిద్రొస్తోంది.

రెండింటికి కొలిచాను.
మూడింటికీ అదే అంకె. నాలుగింటికీ అదే.
గీత పక్కకి తిరిగి పడుకుంది.
వాచ్‌మన్ గవరయ్య టార్చి ఆర్పి దండం పెట్టాడు:
"ఆగిపోనాది బావూ! ఇంక దిగదు. తల్లి సల్లగా సూసింది."
మూడో అంతస్తు బాల్కనీలోంచి ఎవరో బొటనవేలు చూపించారు.

నేను మాత్రం బకెట్లో మీటరు ముంచి కూర్చున్నాను.
సాయంత్రం తొమ్మిది వందలు.
అర్ధరాత్రి పద్నాలుగు వందలు.
ఇప్పుడు ఇరవై మూడు.

గీత ఊరికే ఆగదు.
ఎవరో పోస్తుండాలి.
మా లెక్కల పుస్తకంలో దీనికో ఊహాబావి ఉంటుంది:
తీరానికి అవతల, సరిగ్గా అంతే దూరంలో,
మనమిక్కడ ఎంత తోడితే
అక్కడెవరో అంత నీరు దింపుతూ.
పరీక్ష రాసిన రోజుల్లో అది కాగితం మీద చిన్న సున్నా.
ఈ రాత్రి అటు చూస్తే
చీకట్లో రెండు బోటు దీపాలు,
వాటి కింద ఎక్కడో ఆ నుయ్యి,
తీరిగ్గా, పిసినారితనం లేకుండా
ఇసక అడుగునుంచి పంపిస్తోంది.

ఐదింటికి ఎర్రమ్మ లేచింది.
చేద వేసి, పుక్కిలించి, ఉమ్మేసింది.
మళ్ళీ ఓ గుక్క తీసుకుని ఆలోచించింది.
"మా మావ తవ్వించిన నుయ్యి ఇది.
కొబ్బరినీళ్ళలాగుండేవి.
దాని దగ్గిరికి మేం ఎల్తాం గానీ
దాన్ని ఇంటికి ఎప్పుడూ పిల్లేదు నాయినా."

ఆరింటికి మోటారు ఆపాం.
ఇప్పుడు మళ్ళీ మొదట్నుంచీ:
అర నిమిషం, ఒకటి, ఒకటిన్నర.
నీళ్ళు పైకొస్తున్నాయి, దిగినంత చురుగ్గానే.
రుచికి ఆ తొందరేం లేదు.
సోమరాజు గారు వాకింగ్ బూట్లతో వచ్చి
ఇరవై అని రాసేయండి, చాలు, మిగతాది మాకెందుకు, అన్నారు.
ఫారంలో రిమార్కుల గడి వేలెడంత.
పెన్ను మూత తీసి ఉంచాను.

ఎర్రమ్మ స్టీలు గ్లాసులో టీ తెచ్చింది.
రాత్రంతా మేలుకున్నావని
పంచదార రెండు చెంచాలు ఎక్కువే వేసింది.
అయినా తెలుస్తోంది.