నింపి చూడు

కార్డు మీద అరవై నాలుగు అని ఉంది.
కడుపులో ఉన్నది ఎనిమిదే.
ఆ సంగతి పొన్నూరు పెళ్లి అయిపోయాక
ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా
కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు తెలిసింది.

ఎదుర్కోలు ఉంది. గౌరీపూజ ఉంది.
బుట్ట పట్టుకున్న మేనమామ తుమ్మడం కూడా ఉంది.
జీలకర్ర బెల్లం దగ్గర్నుంచి
బూడిద.
పేర్లు మాత్రం వరసగానే ఉన్నాయి,
నంబరు తర్వాత నంబరు.
పేర్లే. మొహాల్లేవు.

చెడిపోయిన కార్డయితే చెడిపోయానని చెప్తుంది.
ఇది చెప్పలేదు.
రాత్రంతా నేను నొక్కిన ప్రతిసారీ
దీపం వెలిగించి సరే అంది, సరే, సరే,
వాకిట్లో నిలబడి అందర్నీ రండి రండి అని
లోపల ఒక్క విస్తరీ వెయ్యని పెద్దమనిషిలా.

పెళ్లికూతురి తల్లి అరవలేదు.
అరిస్తే బాగుండేది.
"అప్పగింతలు కూడా లేవా అమ్మా" అంది
మెల్లగా, కూరగాయల ధర అడిగినట్టు.
అడ్వాన్సు తిరిగిచ్చాను.
ఆవిడ లెక్కపెట్టుకోలేదు.

అరండల్‌పేటలో జిలానీ కొట్టు,
ఇద్దరు నిలబడితే మూడోవాడు రోడ్డు మీదే.
"ఎంతకి కొన్నావు ఎస్తేరక్కా అది?"
చెప్పాను. నవ్వలేదు. అది అతని మర్యాద.
అద్దం కింద నుంచి వేలిగోరంతది ఒకటి తీశాడు.
"స్టిక్కర్ చూడకు, అచ్చు ఎవడైనా వేస్తాడు.
వేగం ఒక్కటే అడగకు,
వేగంగా మర్చిపోయేవీ ఉంటాయి.
పెద్దదొకటి వద్దు, చిన్నవి రెండు తీసుకో.
యార్డు పక్కన పుట్టినదానివి, నీకు నేను చెప్పాలా,
ఏ రైతు పంటంతా ఒకే కోల్డ్ స్టోరేజీలో పెడతాడు?
ఇంకోటి.
పనికి తీసుకెళ్లే ముందు నింపి చూడు.
అంచుదాకా నింపు. మళ్లీ అన్నీ తెరిచి చూడు.
తర్వాత తుడిచెయ్."

"దేంతో నింపను?"
"చెత్తతో నింపక్కా. తీసెయ్యడానికేగా."

పొన్నూరు వాళ్లకి ఇచ్చేశాక
ఒకదానికే డబ్బులున్నాయి.

మంగళవారం పొద్దున్నే చెత్త వెతుక్కుంటూ బయల్దేరాను.
ఎవర్నీ నిలబడమనలేదు. గడ్డం పైకెత్తమనలేదు.
శంకర్ విలాస్ దగ్గర ఆగిపోయిన ఆటో,
దాన్ని తోస్తున్న ప్రయాణికులు, లోపల దర్జాగా ఒక మేక.
బ్రాడీపేట నాలుగో లైన్లో ట్యూషన్ ఎగ్గొట్టి
పుల్ల ఐసు చీకుతున్న కుర్రాడు, నన్ను చూసి
ఐసుని వీపు వెనక దాచుకున్నాడు.
చుట్టుగుంట దగ్గర గాలి ఘాటెక్కింది.
యార్డులో తాలు ఏరుతున్న ఆడవాళ్లు,
ముక్కులకు కొంగులు, బయటికి కళ్లు మాత్రమే.
"పేపర్లో వేస్తావా?" అంది ఒకామె.
"లేదు, తుడిచేస్తాను."
"అట్టయితే తియ్యి" అని
కొంగు దించి నవ్వింది. ముందరి పన్ను లేదు.
టిక్కీల మీద నిద్రపోతున్న హమాలీ అరికాళ్లు.
నా తుమ్ము మధ్యలో తీసినవి ఓ పాతిక,
ఆకాశం, ఎరుపు, మళ్లీ ఆకాశం.

పదిహేడు వందల నలభై దగ్గర
ఇక చాలు, చోటు లేదు, అంది.
కాదని చెప్పగలిగిన కార్డుని
ఆరోజే చూశాను.

రాత్రి ఒక్కొక్కటే తెరిచాను.
మేక ఉంది. ఐసు ఉంది. అరికాళ్ల పగుళ్లలో
కారం పొడి కూడా ఉంది.

శుక్రవారం తెనాలిలో ఓణీల ఫంక్షను.
కంప్యూటర్లోకి ఎక్కించుకుని తుడవొచ్చు.
ఎక్కించాను కూడా.
"మొత్తం చెరిపెయ్యాలా?" అని అడిగింది కెమెరా.
అవును. కాదు.
బొటనవేలు ఆ రెండింటి మధ్యే
చాలాసేపు ఉంది.

జిలానీ షట్టర్ ఎత్తేసరికి కొట్టు ముందు నేనే.
"ఇంకోటి ఇవ్వు. బిల్లు ఇప్పుడు, డబ్బులు తెనాలి తర్వాత."
"ఏం, అదీ పోయిందా?"
"లేదు జిలానీ. నిలబడింది."