తేనెపిట్ట సరిహద్దు

చీపురుపల్లి రైల్వే క్వార్టర్సు, వెనక దొడ్డి.
నూరువరహాల పొద మొత్తం తనదేనట
ఆ తేనెపిట్టకి.
బొటనవేలంత లేదు,
రెండో మగపిట్ట వాలితే చాలు
ఊదారంగు నిప్పురవ్వై మీద పడుతోంది.

బకెట్టు బోర్లించి కూర్చున్నాను,
మోకాళ్ల మీద అద్దెకు తెచ్చిన కెమెరా.
గూడ్సు బండి వెళ్తే నేల అదురుతుంది,
ఫోటో అలుక్కుపోతుంది.
నలభై రెండు బొమ్మల్లో
నలభై ఒక్కటి ఖాళీ కొమ్మలు.

"ఏటి సేస్తన్నావురా పొద్దున్నించీ?"
గోడ మీంచి అసిరమ్మ, చేతిలో పూలసజ్జ.
పొదలో చెయ్యి పెట్టిందో లేదో
చెవి పక్కనుంచి దూసుకెళ్లింది పిట్ట.
"ఒలమ్మో! నీకు రాసిచ్చీసినారేటే?"

తర్వాత నా వైపు తిరిగింది.
లెన్సులో తన్నే చూసుకుని
కయ్యానికొచ్చింది.

గాజు మీద చిన్న తడి మరక.
తుడవకుండానే తిరిగిచ్చేశాను
స్టూడియో సింహాద్రికి.