ముప్పై రోజుల్లోగా

పత్తికొండ డిగ్రీ కాలేజీలో
మా జియాలజీ ల్యాబు నూట నలభై రెండో బూతయింది.
శేక్షావలి రాళ్ల ట్రేలన్నీ మెట్ల కిందికి మోశాడు.
చీటీలు ఊడిపోయి
నాపరాయి పేరు పలుగురాయికి అంటుకుంది.
"యాడుంటే ఏంది సార్, రాళ్లే గదా."

నన్ను గెస్టు ఫ్యాకల్టీ అంటారు.
ఏడేళ్ల చుట్టాన్ని,
గంట లెక్కన అన్నం పెడతారు,
సెలవుల్లో ఆకలి ఉండదని నమ్మకం.
పోస్టుల ఫైలు ఎన్నికల కోడ్ వచ్చిందని ఆగింది.
అంతకుముందు ఎందుకాగిందో
కోడ్‌ను అడిగితే ఏం లాభం?

జీపు మీద మైకు
టమోటా జ్యూస్ ఫ్యాక్టరీ అంది, పక్కనే పీజీ సెంటరంది.
రెండూ ఒకే స్థలంలో, ఒకే రోడ్డు మలుపులో,
పోయినసారి వేరే రంగు జీపు చూపించిన చోటే.

ఓట్ల రోజు నా ల్యాబుకు నేనే వరసలో నిలబడి వెళ్లాను.
బోర్డు మీద నేను గీసిన భూమి పొరలు,
వాటి మీద ఓటరు సూచనల కాగితం.
మద్దిలేటమ్మకు అది మొదటి ఓటు.
సిరా వేలు ఎత్తి ఫోటో దిగలేదు;
మెట్ల కిందికి వంగి
తన ట్రే ఉందో లేదో చూసుకుని పోయింది.

లెక్కింపయింది. టపాసులు కాలాయి.
తొలకరి పడింది.
తుగ్గలి చేలల్లో జనం వంగిపోయారు,
ఎక్కడెక్కడి నుంచో టిఫిన్ క్యారియర్లతో వచ్చి
వజ్రాల కోసం.
ఆ వారమే ఢిల్లీ నుంచి ముసాయిదా.
పదిహేను మందికి తగ్గిన కోర్సులు కలపబడును.
దేనితో కలపబడునో రాయలేదు.
అభ్యంతరాలు ముప్పై రోజుల్లోగా పంపవలెను.

తెలుగు చేసి చదివి వినిపించాను.
ఎటు తిప్పినా వాక్యానికి కర్త దొరకలేదు.
"ఎవరు కలిపేది సార్?" హంపయ్య అడిగాడు.
"మనం ఓటేసినోళ్లా?"
కాదు. వాళ్లు కూర్చోబెట్టినోళ్లు వేసిన కమిటీ.
"మరి ఆ కమిటీ జీపులో రాలేదే?"

కోట్ల ఏళ్లు లెక్కపెట్టడం నేర్పేవాణ్ణి,
ముప్పై రోజులు లెక్కపెట్టలేకపోయాను.
మద్దిలేటమ్మ గోరు లెక్కపెట్టింది.
సిరా కింద తెల్లటి నెలవంక, రోజుకు వెంట్రుకంత.
మా పాఠంలో పాత పొర అడుగున ఉంటుంది,
గోటికి కొత్తది అడుగున.
సిరా సగం కూడా ఎక్కకముందే
గడువు తీరిపోయేలా ఉంది.

తనే రాసింది:
అయ్యా, మేము ఎనిమిది మందిమి.
వాన పడితే మా చేన్లోకి వందల మంది దిగుతారు.
విత్తనం తొక్కుతారు, తిట్టలేం, వాళ్లదీ ఆశే.
దొరికింది గాజుపెంకో పలుగో వజ్రమో
చెప్పగలిగేది మా ఎనిమిది మందిమే.
ఇంకా ఏడుగురు తక్కువున్నామని
మమ్మల్ని కలిపేస్తే
రేపు ఆ రాయి ఎవరికి చూపించాల?

తెలుగు అతికిస్తే తెర మీద ఖాళీ గళ్లు వచ్చాయి.
ఇంగ్లీషు చేశాను.
తొక్కిన విత్తనం ఇంగ్లీషులోకి రాలేదు,
అక్షరాల పరిమితికి చేను కూడా తెగిపోయింది.
ఇరవై తొమ్మిదో రాత్రి కరెంటు పోయింది.
హంపయ్య ఫోన్ వెలుగులో, వాడి డేటాతో, పంపాం.
బదులుగా ఒక నంబరు వచ్చింది.
చదివారని కాదు, చేరిందని.

ఇప్పుడు జులై.
పీజీ సెంటరు మలుపులో ఎవరో మేకలు కట్టేశారు.
ముసాయిదా చట్టమైందో, ఇంకో కమిటీకి పోయిందో,
పేపర్లో ఒకరోజు ఒకలాగ, ఒకరోజు ఇంకోలాగ.
రాళ్లు మెట్ల కింద నుంచి తీస్తున్నాం.
మద్దిలేటమ్మ ఒక్కొక్కటీ గోటితో గీకి, నాలుకతో తాకి,
ఎవరి పేరు వాళ్లకు రాస్తోంది.

గుమ్మం దగ్గర ఒక పిల్లవాడు,
చేతిలో అడ్మిషన్ కాగితం, చెప్పులకు ఎర్రమట్టి.
"సార్, ఈ గ్రూపు ఉంటాదా?"
శేక్షావలి నా మొహం చూశాడు.
నేను కాగితం చూశాను.
"ముందు ఆ ట్రే అటు కొస పట్టుకో నాయనా,
బరువుంది."